బోడుప్పల్ దాటి నేను అమ్మను

ఇళ్లు అమ్మిపెట్టే ఈ లైనులోకి కొత్తగా వద్దామనుకునేవాళ్లు ముందు అడిగేది ఒకటే: "మేడమ్, కమిషన్ ఎంతొస్తుంది?" అడగడంలో తప్పులేదు. ఎవరైనా కడుపు కోసమే కదా వచ్చేది. అందుకే నేనూ లెక్కతోనే మొదలుపెడతాను.

హైదరాబాద్‌లో ఉప్పల్ దాటాక వరంగల్ రోడ్డు మీద బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి... ఇదీ మా వైపు. ఇక్కడ పాత ఫ్లాటు చేతులు మారితే కొన్నవాళ్లు ఒక శాతం, అమ్మినవాళ్లు ఒక శాతం ఇవ్వడం వాడుక. ఖాళీ ప్లాటుకి రెండు శాతం అడిగేవాళ్లూ ఉన్నారు. ఇదేమీ చట్టం పెట్టిన రేటు కాదు, మాట మీద నడిచేది. 60 లక్షల ఫ్లాటు అంటే ఒక వైపు నుంచి 60 వేలు. వినడానికి బాగానే ఉంటుంది. అయితే కొనే పార్టీని తెచ్చింది ఇంకో ఏజెంటయితే అటు డబ్బు అతనిది, ఇటుది నాది. "ఆ ఇల్లు అమ్మకానికి ఉందని మొదట చెప్పింది నేనే" అని వాచ్‌మన్ ఒకడు, ఇస్త్రీ బండి ఆయన ఒకడు వస్తారు. వాళ్లకీ ఇవ్వాలి, ఇవ్వకపోతే రేపు ఇంకో ఇంటి సంగతి మనకు తెలియదు. ఆఖర్న రిజిస్ట్రేషన్ అయిపోయాక పార్టీ నవ్వుతూ "60 ఎందుకు మేడమ్, 40 చేసుకోండి" అంటుంది. పెట్రోలు, ఫోను, 99 ఏకర్స్ లాంటి వాటిలో ప్రకటనలకు కట్టింది తీసేసి చూసుకుంటే మిగిలేది ఎంతో మీరే వేసుకోండి. పైగా అది ఒక నెల సంపాదన కాదు. ఆ ఇల్లు మొదట చూపించిన రోజు నుంచి డబ్బు చేతిలో పడేదాకా మూడు నాలుగు నెలలు పట్టడం మామూలే. మధ్యలో బ్యాంకు లోను రాకపోతే ఏమీ రాదు.

కాబట్టి ఒకటో తారీఖు జీతానికి అలవాటైనవాళ్లు దిగేముందు ఏడాది ఇంటిఖర్చు పక్కన పెట్టుకోవాలి. లేదంటే ఇంట్లో ఇంకొకరికి జీతం రావాలి. నేనైతే పొద్దున ఇళ్లు చూపించి, సాయంత్రం ట్యూషన్లు చెప్పేదాన్ని. ఇల్లు అమ్ముడుపోయినా పోకపోయినా ట్యూషన్ ఫీజు వచ్చేది. అది ఉంది కాబట్టే నచ్చని పార్టీకి నచ్చలేదని చెప్పగలిగాను.

నేను అంతకుముందు ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచర్ని. 2020 మార్చిలో కరోనాకి స్కూలు మూశారు. కొన్నాళ్లు సగం జీతం, ఆ తర్వాత అదీ లేదు. 2021 ఏప్రిల్లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2 వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామన్నది గుర్తుంది కదా, ఆ వరసలో నిలబడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పుడే మా వీధి చివర ఇంటి ఓనరమ్మ, "కింది పోర్షన్ ఖాళీ అయింది టీచరమ్మా, నీకు తెలిసినవాళ్లెవరన్నా ఉంటే చెప్పరాదు" అంది. మా స్కూలు పిల్లవాడి తల్లిదండ్రులు ఇల్లు వెతుకుతున్నారు, పంపించాను. ఇద్దరూ చెరి సగం నెల అద్దె నా చేతిలో పెట్టారు. అలా మొదలైంది. ఇప్పటికీ సగం కాలనీకి నేను సోషల్ మేడమ్‌నే.

ఈ పనిలోకి రావాలనుకునేవాళ్లకి నేను చెప్పేదేమంటే, ముందు టు-లెట్ బోర్డులతో మొదలుపెట్టండి. అద్దె ఇళ్లలో డబ్బు తక్కువ, తిరుగుడు ఎక్కువ, నిజమే. కాని ఒక ఏడాది అద్దెలు చూస్తే ఏరియా అంతా చేతికొస్తుంది. ఏ లైనులో ఏప్రిల్ రాగానే బోరు ఎండిపోతుంది, ఎక్కడ కృష్ణా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, పెద్ద వానొస్తే ఏ సెల్లార్లో బైకులు తేలతాయి, ఏ అపార్ట్‌మెంట్లో లిఫ్టు గొడవ కోర్టుదాకా పోయింది... ఇవన్నీ కిరాయిదార్లు చెప్పే కబుర్లే. పైగా ఇవాళ కిరాయికి ఇప్పించిన ఓనరే రేపు కూతురు పెళ్లికని ఇల్లు అమ్ముదామనుకుంటాడు. అప్పుడు ఎవరికి ఫోన్ చేస్తాడు? తాళంచెవులు ఎవరి దగ్గరుంటే వాళ్లకే.

నేను బోడుప్పల్ దాటి అమ్మను. మహా అయితే మేడిపల్లి. శంకర్‌పల్లిలో ప్లాటుందని, యాదగిరిగుట్ట దగ్గర వెంచరుందని, షాద్‌నగర్లో ఎకరం ఉందని ఫోన్లు వస్తూనే ఉంటాయి. నాకు తెలియని నేల గురించి నేనేం చెప్పగలను? వాళ్లు పంపిన బ్రోషరు చదివి వినిపించడమేగా! ఆ మాత్రం చదవడం కొనేవాళ్లకీ వచ్చు. మా వరంగల్ రోడ్డునే చూడండి. ఉప్పల్ నుంచి నారపల్లి వైపు ఫ్లైఓవర్ పని 2018లో మొదలైంది. ఏళ్లకేళ్లు స్తంభాలు లేచి అక్కడే ఆగాయి. రోడ్డు పక్క షాపులు గిరాకీ లేక మూతపడ్డాయి. "ఫ్లైఓవర్ వస్తోంది, రేటు డబులవుతుంది" అని ఆ రోజుల్లో రోడ్డుమీది కమర్షియల్ స్థలం అంటగట్టినవాళ్లు తర్వాత ఫోనెత్తలేదు. ఆ రోడ్డున రోజూ దుమ్ము తినేవాళ్లకి తెలుసు, లోపలి కాలనీలో 150 గజాల ఇల్లే నయమని. 2017 నవంబర్లో మెట్రో నడవడం మొదలయ్యాక మాత్రం ఉప్పల్ స్టేషన్‌కి దగ్గరున్న ఇళ్ల అద్దెలు నిజంగానే కదిలాయి. వచ్చిన మెట్రోకీ, రాబోయే ఫ్లైఓవర్‌కీ తేడా చెప్పగలిగేంత దగ్గరగా ఉన్న ఏరియానే ఎంచుకోవాలి.

ఇక కొత్తవాళ్లని అందరికంటే ముందు పట్టుకునేది ఆదివారం మీటింగులు. ఫంక్షన్ హాల్లో ఏసీ, స్టేజీ మీద కోట్లు వేసుకున్న కుర్రాళ్లు, పెద్ద స్క్రీన్ మీద వెంచర్ వీడియో, మధ్యాహ్నం బిర్యానీ. చూసొద్దామని మా స్కూలు పాత కొలీగ్‌తో నేనూ ఒకసారి వెళ్లాను. అక్కడ చేరిన రోజే మీరు 'మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్', మీ కింద ఇంకొందరిని చేరిస్తే 'మేనేజర్', వాళ్ల కింద వాళ్లు చేరితే 'డైరెక్టర్'. కమిషన్ మెట్లు మెట్లుగా ఉంటుంది. కింద అమ్మినవాడికి గజానికి ఇంత, పైనున్న ఒక్కొక్కరికి గజానికి అంత. కారు, గోవా ట్రిప్పు సరేసరి. అందరికీ ఒక తెల్లకాగితం ఇచ్చి, "మీకు తెలిసినవాళ్ల నంబర్లు వంద రాయండి" అన్నారు. మా కొలీగ్ రాయడం మొదలుపెట్టింది. మొదట అన్నయ్య, తర్వాత మేనత్త కొడుకు, తర్వాత మా స్కూలు ఆయమ్మ.

ఆ కాగితమే నాకు నచ్చలేదు. అంతమందికి పంచిన కమిషన్ ఎక్కడి నుంచి వస్తుంది? ప్లాటు రేటులోంచే. ఊరు చివర ఎనిమిది వేలు చేసే గజం పన్నెండు వేలకు అమ్మితే ఆ నాలుగు వేలూ ఈ మెట్లలోకే పోతాయి. మన మేనత్త కొడుకు రేపు అవసరానికి అమ్ముకోబోతే ఆ రేటుకి కొనేవాడుండడు. కంపెనీ ఇంకో వెంచర్‌కి వెళ్లిపోతుంది, పెళ్లిళ్లలో ఎదురుపడేది మనమూ అతనూ. నంబర్లు అయిపోయాక చాలామంది ఆ పని మానేస్తారు, ఈలోగా చుట్టరికాలు కూడా తెగిపోయి ఉంటాయి. "ఇప్పుడు లక్ష కట్టండి, నెలనెలా ఇంత ఇస్తాం, ఏడాదికి బై-బ్యాక్ చేస్తాం" అనే స్కీమయితే అది స్థలం అమ్మకమే కాదు, డిపాజిట్లు వసూలు చేయడం. పోలీసు కేసు దాకా పోయినప్పుడు సంతకం పెట్టి డబ్బు తెచ్చిన ఏజెంటు పేరే ముందు బయటికొస్తుంది. దాని జోలికి పోకండి.

ఇప్పుడు అసలు పని. కాగితాలు.

ఇల్లు అమ్ముతామని ఎవరైనా పిలిస్తే నేను గదులు చూడకముందు డాక్యుమెంట్లు జిరాక్స్ అడుగుతాను. "కొనేవాళ్లొచ్చినప్పుడు చూపిస్తాంలేమ్మా" అంటే ఆ ఇల్లు నా లిస్టులోకి రాదు. మొదట ఇప్పుడున్న సేల్ డీడ్. దానికి వెనక లింక్ డాక్యుమెంట్లు, అంటే వీళ్లకి అమ్మినవాళ్లు ఎవరి దగ్గర కొన్నారు, వాళ్లు ఎవరి దగ్గర కొన్నారు అని లేఔటు వేసిన పట్టాదారు దాకా పోవాలి. మధ్యలో జీపీఏ, అంటే తన తరఫున అమ్మమని ఇచ్చే అధికారపత్రం ఉంటే, ఇచ్చినాయన ఆ రోజుకి బతికే ఉన్నాడా అనేది చూడాలి. ఇచ్చినాయన పోతే మామూలు జీపీఏ కూడా పోయినట్టే. ఆ తర్వాత ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల చిట్టా తీస్తాను. 1983 నుంచి జరిగిన లావాదేవీలు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లోనే దొరుకుతాయి, అంతకుముందువి కావాలంటే సబ్-రిజిస్ట్రార్ ఆఫీసుకు పోవాలి. ఈసీలో ఒకసారి ఇంటి నంబరుతో, ఇంకోసారి సర్వే నంబరు, ప్లాటు నంబరుతో వెతకాలి. ఎందుకంటే పాత డాక్యుమెంట్ ప్లాటు నంబరు మీద ఉంటుంది, ఇల్లు కట్టాక రాసుకున్నది డోర్ నంబరు మీద ఉంటుంది. ఒక్కదానితోనే వెతికితే బ్యాంకు తనఖా ఒకటి కనపడకుండా దాక్కుంటుంది.

తర్వాత నిషేధిత జాబితా. రిజిస్ట్రేషన్ చట్టంలో 22ఎ సెక్షన్ కింద ప్రభుత్వ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, అసైన్డ్ భూములు ఇందులో ఉంటాయి. సర్వే నంబరు అందులో ఉంటే ఎంత మంచి ఇల్లయినా రిజిస్ట్రేషన్ కాదు. మా బోడుప్పల్లోనే వక్ఫ్ వివాదంతో కొన్ని కాలనీల్లో రిజిస్ట్రేషన్లు ఆగాయి. ఎప్పుడో కొనుక్కుని ఇల్లు కట్టుకున్నవాళ్లు కూడా అమ్ముకోలేక కూర్చున్నారు. పేదలకిచ్చిన అసైన్డ్ భూమి కొంటే చెల్లదని 1977 నుంచే చట్టముంది, అయినా "అందరూ కొంటున్నారు కదా" అనేవాళ్లు తగ్గలేదు.

చెరువు సంగతి ఇంకొకటి. 2024 జూలైలో చెరువుల కబ్జాలు తొలగించే హైడ్రా వచ్చాక జనానికి ఎఫ్‌టీఎల్, బఫర్ అనే మాటలు నోటికొచ్చాయి. 25 ఎకరాలకు మించిన చెరువయితే నీళ్లు నిండే హద్దు (అదే ఎఫ్‌టీఎల్) నుంచి బఫర్‌గా 30 మీటర్లు, చిన్నదయితే 9 మీటర్లు వదలాలి. ఉప్పల్ నల్లచెరువు వైపు ఎవరైనా ఇల్లు అడిగితే ముందు హెచ్ఎండీఏ చెరువుల మ్యాపు తెరిచి పక్కన పెట్టుకుంటాను. లేఔటు అనుమతి లేని ప్లాటయితే 2020లో లేఔటు క్రమబద్ధీకరణకి, అంటే ఎల్ఆర్ఎస్‌కి దరఖాస్తు పెట్టారా, పెట్టి ఊరుకున్నారా, డబ్బు కట్టారా అని మూడు ప్రశ్నలూ అడగాలి. అందరూ మొదటిదానికి మాత్రమే జవాబిస్తారు.

ఇక టేపు. ఇది చాలామంది చేయరు, నేను మాత్రం వదలను. డాక్యుమెంట్లో హద్దులు రాసి ఉంటాయి: తూర్పున 30 అడుగుల రోడ్డు, పడమర ఫలానా ప్లాటు, ఉత్తరం ఫలానా ప్లాటు అని. మొన్న ఒక 150 గజాల ఇల్లు చూడబోతే, కాగితం మీద ముందు వైపు 30 అడుగులు, లోపలికి 45. గోడ నుంచి గోడకి టేపు పట్టి చూస్తే ముందు వైపు 29 అడుగులే ఉంది. పక్కింటాయన గోడ కట్టేటప్పుడు ఇటు జరిగాడు. ఓనర్ పెద్దాయన "అడుగుదేముంది తల్లీ, ఇరవై ఏళ్లుగా మేం మంచిగనే ఉన్నం" అన్నాడు. ఇరవై ఏళ్లుగా కలిసున్న పక్కిళ్ల సంగతి వేరు, అది కొత్తగా వచ్చేవాళ్లకు వర్తించదు. అడుగు వెడల్పున 45 అడుగుల పొడవంటే ఐదు గజాలు. గజం 60 వేలు చెప్పే చోట అది మూడు లక్షలు. కొనేవాళ్లు రాకముందే ఓనరుకి చెప్పి, 145 గజాలకే రేటు మాట్లాడదామన్నాను. ఆయనకు కోపం వచ్చింది. వారం తర్వాత ఆయన కొడుకే ఫోన్ చేసి సరేనన్నాడు.

ఫ్లాట్లలో ఇలాంటిదే పెంట్‌హౌస్. స్టిల్ట్ మీద రెండంతస్తులకి పర్మిషన్ తీసుకుని పైన ఇంకోటి లేపి, అందమైన రేటుకి పెడతారు. చుట్టూ గాలి, వెన్నెల, పావురాలు, అన్నీ ఉంటాయి, ప్లాన్ మాత్రం ఉండదు. బ్యాంకువాళ్లు లోను ఇవ్వరు. అమ్మేటప్పుడు మళ్లీ లోను అక్కర్లేని పార్టీనే వెతుక్కోవాలి.

ఇల్లు చూపించడం కూడా ఒక పనే, కాని దాంట్లో నేర్చుకోవలసిందేమీ పెద్దగా లేదు. తాళాలు ముందే తెప్పించి కిటికీలు తీసిపెట్టాలి, కుళాయి తిప్పి నీళ్లొస్తున్నాయో లేదో చూసుకోవాలి, పార్టీ లోపలికొచ్చాక నోరు మూసుకోవాలి. ఇది హాలు, ఇది కిచెన్ అని వాళ్లకి చెప్పడమేమిటి? మా దగ్గర ఇల్లు కొనేది భార్యాభర్తలు మాత్రమే కాదు. మామగారొస్తారు, వాస్తు చూసే బాబాయొస్తారు. ఫోన్లో దిక్సూచి పెట్టుకుని బాబాయి గుమ్మంలోనే ఆగిపోతాడు. "అమ్మా, మెట్లు ఈశాన్యంల పడ్డయి కదా." నేను వాదించను. "అవును బాబాయ్, పడ్డాయి. అందుకే ఇది ఈ రేటుకి ఉంది" అంటాను. అప్పుడు మామగారు రేటెంతని అడుగుతారు. ఈశాన్యం సంగతి ఆ తర్వాత ఇంట్లో తేల్చుకుంటారు. దక్షిణం ముఖం ఇళ్లని మా దగ్గర చాలామంది చూడనే చూడరు, కాబట్టి అవి కాస్త చవక. ఆ పట్టింపు లేని పార్టీ దొరికితే వాళ్లకి అదే లాభం.

కాని వాస్తు పట్టింపు ఉన్నవాళ్లకి లేని దిక్కు ఉందని చెప్పి అమ్మకూడదు. వీధిపోటు ఉంటే ఉందని నేనే చూపిస్తాను.

ఇక సిట్టింగు. బేరం కుదర్చడానికి కూర్చోవడాన్ని మేమంతా సిట్టింగ్ అనే అంటాం. రేటు దాదాపు దగ్గరకొచ్చాక కొనేవాళ్లనీ అమ్మేవాళ్లనీ ఒక చోట కూర్చోబెట్టాలి. అప్పటిదాకా ఇద్దరినీ కలపకపోతే, "ఓనర్‌ని చూపించరేంటి, పైన వేసుకుంటున్నారా?" అని అనుమానం. ముందే కలిపేస్తే మనల్ని దాటిపోతారని భయం. రెండూ నిజమే. ఓనర్ 62 అడిగితే పార్టీకి 65 చెప్పి ఆ తేడా జేబులో వేసుకునే ఏజెంట్లు ఉన్నారు, అలా చేసినవాళ్ల పేరు ఆ కాలనీలో ఒక్కసారే పోతుంది. నేను ఇద్దరితోనూ నా ముందే రేటు చెప్పిస్తాను, నా కమిషన్ ఎంతో కూడా ఆ టేబుల్ మీదే చెప్తాను.

సిట్టింగ్‌కి సాయంత్రం నాలుగు మంచి టైము. మధ్యాహ్నం అన్నం తిన్నవాళ్లు బద్ధకంగా ఉంటారు, రాత్రయితే "రేపు చూద్దాం" అని లేస్తారు. చాయ్ వచ్చేదాకా ఎవరూ రేటు ఎత్తరు. ఓనర్ మొదట ఈ ఇల్లు ఎంత కష్టపడి కట్టుకున్నాడో చెప్తాడు, టేకు ఎక్కణ్నుంచి తెచ్చాడో చెప్తాడు. చెప్పనివ్వండి. ఆ మాటలు అయితే గాని ఆయన చేయి వదలదు. తర్వాత పార్టీ తరఫున మామగారు, "అన్నా, ఒక్క మాట చెప్పు, ఎట్లిస్తవు?" అంటాడు. ఓనర్ 62 అంటాడు. వీళ్లు 57. అక్కడ పది నిమిషాలు మౌనం. అప్పుడు ఇద్దరినీ విడదీసి ఒకరిని బాల్కనీలోకి తీసుకెళ్లాలి. బాల్కనీలో నేను అడిగేది డబ్బు గురించి కాదు, టైము గురించి. "అన్నా, మీకు పైసలు ఎప్పటికి కావాలె? బిడ్డ పెళ్లి ఎప్పుడు?" పెళ్లి రెండు నెలల్లో ఉంటే, 45 రోజుల్లో మొత్తం కట్టే పార్టీకి లక్షన్నర తగ్గించినా ఆయనకే మేలు. అటు పార్టీతో అడిగేది లోను సంగతి. చాలా బేరాలు రేటు దగ్గర తెగవు, గడువు దగ్గర తెగుతాయి. గడువు కుదిరితే రేటు దానంతటదే మధ్యలోకి వస్తుంది. కుదిరాక బయానా కింద 51,116 లాంటి అంకె ఏదో చెక్కు రాసి చేతిలో పెడతారు. ఆ నూటపదహార్లు లేకపోతే ఓనరమ్మ తీసుకోదు.

బయానా అయిన రోజే నేను తెల్లకాగితం మీద ఇరువైపులా సంతకాలు తీసుకుంటాను. ఎంత ఇచ్చారు, ఎన్ని రోజుల్లో అగ్రిమెంటు, వెనక్కి తగ్గితే ఏమిటి, రిపేర్లు ఎవరివి, మిగిలిన మెయింటెనెన్స్ బాకీ ఎవరిది. అదే రోజు కొనేవాళ్లకి ఇంకో కాగితం ఇస్తాను, రేటు కాక పడే ఖర్చు లెక్క. తెలంగాణలో 2021 జూలై నుంచి స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం. 60 లక్షలకి నాలుగున్నర లక్షలు. ఈ సంగతి ముందు చెప్పకపోతే రిజిస్ట్రేషన్ వారంలో ఇంట్లో గొడవలవుతాయి, ఆ కోపం మన కమిషన్ మీదకొస్తుంది. 50 లక్షలు, ఆపైన అయితే కొనేవాళ్లు ఒక శాతం పన్ను పట్టుకుని అమ్మినవాళ్ల పాన్ మీద కట్టాలి. అమ్మేవాళ్లు అమెరికాలో ఉంటే ఈ లెక్క మొత్తం మారిపోతుంది. పట్టుకోవాల్సింది ఒక శాతం కాదు, చాలా ఎక్కువ. మా కాలనీల్లో పిల్లలు డల్లాస్‌లో, ఇల్లు ఇక్కడ ఉన్నవాళ్లు తక్కువేం కాదు, అందుకని ఓనర్ ఎక్కడ ఉంటున్నాడో బేరానికి ముందే అడిగి ఆడిటర్ దగ్గరికి పంపిస్తాను. "ఎంత వైట్, ఎంత బ్లాక్" అనే మాట వచ్చినప్పుడు మాత్రం నేను లేచి బయటికి పోతాను. ఇల్లు అమ్ముతూ 20 వేలు, అంతకు మించి నగదుగా తీసుకుంటే, తీసుకున్నంత జరిమానా పడొచ్చని ఓనర్‌కి చెప్పి మరీ పోతాను.

దాటిపోవడం గురించి కొత్తవాళ్లు బాగా భయపడతారు. దాటిపోతారు. నేను ఇల్లు చూపించిన ఒక కుటుంబం, "మా ఆయనకు నచ్చలేదు మేడమ్" అని చెప్పి, తర్వాత ఆ ఇంట్లోనే పాలు పొంగించారు. పిలుపు కూడా వచ్చింది, పక్కింటివాళ్ల ద్వారా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పట్నుంచి ఇల్లు చూపించే ముందు అడ్రసు, తేదీ, కమిషన్ శాతం రాసి వాట్సాప్‌లో పెడతాను, అవతలివాళ్లు "ఓకే" అని పెట్టాకే తాళం తీస్తాను. దాంతో అందరూ ఆగుతారని కాదు, చాలామందికి మొహమాటం పనిచేస్తుంది.

కొత్త ప్రాజెక్టులు అమ్మాలనుకుంటే రెరా నమోదు లేకుండా అడుగు పెట్టొద్దు. 2016లో వచ్చిన రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో, లేదా ఎనిమిదికి మించి ఫ్లాట్లు వేసి అమ్మే ప్రాజెక్టు నమోదు కావాలి. 500 చదరపు మీటర్లంటే దాదాపు 600 గజాలు. అలాంటి ప్రాజెక్టులో ఫ్లాటో ప్లాటో అమ్మిపెట్టే ఏజెంటు కూడా నమోదు చేసుకోవాలి. లేకపోతే రోజుకు 10 వేల చొప్పున, ఆ ఆస్తి ఖరీదులో ఐదు శాతం దాకా జరిమానా వేయొచ్చు. నేను చేసే పాత ఇళ్లకి ఈ రిజిస్ట్రేషన్ అడగరు, అయినా చేయించుకున్నాను, ఎందుకంటే మధ్యమధ్య మా వీధుల్లోనే కొత్త అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. ప్రీ-లాంచ్ అని, యూడీఎస్ (విడదీయని స్థలంలో వాటా) రిజిస్ట్రేషన్ అని, ముందే మొత్తం కడితే సగం రేటుకి ఇస్తామని వచ్చేవి ఉంటాయి. రెరా నంబరు రాకముందు ప్రకటనే ఇవ్వకూడదు, బుకింగే తీసుకోకూడదు. వచ్చాక కూడా అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. ఏజెంటు అడగాల్సిన మొదటి ప్రశ్న ఆ నంబరే. బిల్డరు "అప్లై చేశాం మేడమ్, వచ్చేస్తుంది" అంటే, వచ్చాకే మళ్లీ పిలవమంటాను.

పంచాంగం కూడా తెలుసుకోవాలి ఈ పనిలో. ఆషాఢంలో ఎవరూ బయానా ఇవ్వరు. మూఢమొస్తే అంతే, పుష్యంలో అంతే. అగ్రిమెంట్లు, రిజిస్ట్రేషన్లు అన్నీ శ్రావణం కోసం ఆగి, ఒక్కసారి మీద పడతాయి. మొదటి ఏడాది ఆషాఢంలో ఫోను మోగకపోతే కంగారుపడి ఉద్యోగం వెతుక్కునేవాళ్లని చూశాను. ఆ నెల నేను పాత పార్టీల ఇళ్లకి పోయి కూర్చుంటాను, వాళ్ల ప్రాపర్టీ టాక్సు, కరెంటు మీటర్ పేరు మార్చుకున్నారో లేదో చూస్తాను. సగం మంది మార్చుకోరు. మార్పించి పెడతాను. దానికి డబ్బు తీసుకోను, నా తర్వాతి పార్టీ ఎక్కువసార్లు ఆ ఇళ్ల నుంచే వస్తుంది.

ఈమధ్య మా కాలనీ కుర్రాడొకడు వచ్చాడు, డిగ్రీ అయింది, రెండేళ్లు డెలివరీ బండి నడిపాడు. ఈ ఏరియాలో వాడికి తెలియని గల్లీ లేదు. ఏ గేటుకి కుక్క ఉందో, ఏ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మర్యాదగా మాట్లాడతాడో కూడా తెలుసు. నాకంటే వాడికే ఎక్కువ పెట్టుబడి ఉందన్నాను. "మేడమ్, విజిటింగ్ కార్డు కొట్టిస్తున్నా, ఏం రాయించాలె? ప్రాపర్టీ కన్సల్టెంట్ అని పెట్టనా, మేనేజింగ్ డైరెక్టర్ అని పెట్టనా?" అన్నాడు. పేరు, ఫోన్ నంబరు, కింద బోడుప్పల్ అని రాయించమన్నాను. రెరా నంబరుకి ఒక లైను ఖాళీ ఉంచమన్నాను. వంద కార్డులు చాలు, వెయ్యి వద్దన్నాను, వచ్చే ఆషాఢం దాటాక మిగతావి కొట్టించుకోవచ్చు.